సాగనంపిన నోరు

గెడ్డపేటలో మనిషి సముద్రంలో మునిగినంత మాత్రాన చచ్చిపోయినట్టు కాదు. జోగయ్య పాడాలి. శవం ఒడ్డుకు కొట్టుకొస్తే ఏ గొడవా లేదు, అందరిలాగే ఏడ్చి, పూడ్చి, పదకొండో రోజున తలో ముద్ద తిని లేస్తారు. శవం రాకపోతేనే వస్తుంది చిక్కు. ఆ ఇంటి ఆడది బొట్టు ఉంచుకోవాలో చెరుపుకోవాలో తెలియదు. ఏడుద్దామంటే బతికున్నవాణ్ణి ఏడ్చినట్టవుతుంది, ఏడవకపోతే గుండె పట్టదు. అలాంటి ఇంటి నుంచి జోగయ్యకి కబురు వెళ్తుంది.

పొద్దు వాలే వేళకి జోగయ్య జముకు పట్టుకుని వస్తాడు. జముకు పెద్ద వాయిద్యమేం కాదు. చంకలో ఇమిడే గుల్ల, దానికి ఒక పక్క తోలు, తోలు మధ్యలోంచి బయటికి లాగిన ఒక్క నరం. గుల్లని చంకలో బిగించి నరం మీటితే బుయ్యిమని మూలుగుతుంది. తడి ఇసక మీద కూర్చుని, పోయినవాడి కథ పుట్టుక దగ్గర ఎత్తుకుంటాడు. వాడు తిన్న తొలి దెబ్బ, ఎక్కిన తొలి పడవ, పెళ్ళిలో అలిగిన అలక, అన్నీ అప్పటికప్పుడు కట్టి పాడతాడు. కాయితం లేదు, చదువు లేదు. చివర్లో ఆ పోయినవాడే అడుగుతున్నట్టు గొంతు మారుస్తాడు.

సాగిపోనా పిల్ల సాగిపోనా
పోటు తీసిన వేళ సాగిపోనా

మూడుసార్లు అడుగుతాడు. భార్య ఉంటే భార్య, లేకపోతే తల్లి, "పో" అనాలి. అన్నదంటే మనిషిని గంగమ్మకి అప్పగించేసినట్టే, మర్నాడు ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. అనకపోతే పాట పండలేదని అర్థం. అందుకని సాగనంపు పాటగాడి పస అంతా ఆ ఒక్క మాట అనిపించడంలోనే ఉంది. కట్టుకున్నదాని చేతనే మొగుణ్ణి పొమ్మనిపించడం ఏం విద్యరా అని మనలాంటివాళ్ళం ముక్కున వేలేసుకోవచ్చు. శవం రాని ఇంట్లో నాలుగు రోజులు కాపురం చేసి, అప్పుడు వేలేసుకుంటే బాగుంటుంది.

జోగయ్యకి ఈ విద్య తండ్రి నుంచి వచ్చింది. తండ్రి కంటే కొడుకు నోరే గట్టిదని భీమిలి నుంచి బారువ దాకా రేవుల్లో చెప్పుకునేవారు. విజయనగరంలో ఉత్సవాలకి పిలిచి శాలువా కప్పి, మైకు ముందు ఐదు నిమిషాల్లో ముగించమన్నారు. ఐదు నిమిషాల్లో మనిషి పుట్టనైనా పుట్టడు, చావడం మాట దేవుడెరుగు. ఇంకోసారి మండలాఫీసు వాళ్ళు మరుగుదొడ్ల మీద పాట కట్టమన్నారు. కట్టాడు. బాగానే కట్టాడు కూడా. ఆ పాట విని ఎవరూ దొడ్డి కట్టుకోలేదు గానీ, ఊళ్ళో కుర్రాళ్ళు చాలాకాలం ఆయన్ని ఆ పాటతోనే ఏడిపించారు. ఆయనా నవ్వేవాడు. తన అసలు పని ఏ రేవులో ఉందో ఆయనకి తెలుసు.

జోగయ్య సాగనంపినవాళ్ళలో ఆయన సొంత కొడుకు కూడా ఉన్నాడు. రాముడు. పెళ్ళి కూడా కాలేదు. ఓ వానాకాలం వేటకి వెళ్ళి రాలేదు. ఏ రేవు నుంచీ కబురు రాలేదు. జోగయ్య భార్య దేముడమ్మ మూడు నెలలు తిండి మానేసి, సగం మనిషై గోడకి కూలబడింది. కన్నకొడుక్కి తండ్రే పాడతాడా అని కొందరన్నారు. ఇంకెవరు పాడతారని ఆయనే కూర్చున్నాడు. రెండుసార్లు అడిగినా ఆమె పలకలేదు. మూడోసారి ఆయన గొంతు బొంగురుపోయి సరిగా రాలేదు. ఆ గొంతు మీద జాలితోనో ఏమో "పో నాయినా" అంది. మర్నాడు లేచి గంజి తాగింది. ఆ గంజి చూసి జోగయ్య తన విద్యకి దండం పెట్టుకున్నాడు. అప్పట్నుంచీ ఆయన తన పాటని అంతగా నమ్మింది అందుకే.

ఆ తరువాత చాలా ఏళ్ళకి హుద్‌హుద్ తుపాను వచ్చింది. హెచ్చరిక తెలియకముందే వేటకి వెళ్ళిన పడవొకటి తిరగబడింది. అందులో ముగ్గురు. ఇద్దరు ఒడ్డుకు కొట్టుకొచ్చారు. మూడోవాడు గంగులు, రాలేదు.

గంగులు భార్య మరిడమ్మ, పిల్లల తల్లి, ఎండుచేపల గంప నెత్తినెట్టుకుని రాజాం సంతకి వెళ్ళి అమ్మే మనిషి. నోరున్న మనిషి. పాట పెట్టించమని వచ్చిన కులపెద్దని గుమ్మంలోంచే తరిమేసింది.

"నా మొగుడు సచ్చిపోనేదు. సచ్చిపోతే నాకు తెలవదేటి? మీకే తెలుస్తాదేటి?"

నెలలు గడిచాయి. అటూ ఇటూ కాని మనిషి నీళ్ళలో ఉండగా పడవలు దింపడం అరిష్టమని రేవులో గొణుగుడు మొదలైంది. వలలు ఖాళీగా వచ్చినప్పుడల్లా ఆమె ఇంటివైపు చూసేవారు. చివరికి బతిమాలో బెదిరించో ఆమెని ఇసక మీద కూర్చోబెట్టారు. పళ్ళు బిగించి కూర్చుంది. జోగయ్యకి ఆ బిగువు చూడగానే పౌరుషం వచ్చింది. నిజం చెప్పాలంటే, పాతికేళ్ళ కుర్రాడిలా పొంగిపోయాడు. ఇలాంటిదాని చేత అనిపిస్తే కదా పాట!

ఆ రోజు ఆయన పాడినట్టు ఎన్నడూ పాడలేదు. మొదటిసారి అడిగాడు, పలకలేదు. రెండోసారి అడిగాడు, తల అడ్డంగా తిప్పింది. అప్పుడు జోగయ్య పాత వరస వదిలేసి, ఎవరూ వినని మాటలు ఎత్తుకున్నాడు. నడిసంద్రంలో గంగులు ఒక్కడే ఈదుతున్నాడు, ఈది ఈది భుజాలు పడిపోయాయి, ఇంక వదిలేయనా అని పెళ్ళాన్ని అడుగుతున్నాడు:

సేతులు నొప్పెడతన్నాయె మరిడి
ఒగ్గేయనా పిల్ల ఒగ్గేయనా

మరిడమ్మ నోరు తెరుచుకుంది. "పో మావా" అని పెద్దగా ఏడ్చింది. "ఇంక ఈదకు. ఇంక ఈదకు మావా. పో."

ఊరంతా ఏడ్చింది. జోగయ్య ఇంటికి నడుస్తూ లోపల్లోపల మురిసిపోయాడు. సిగ్గుపడాల్సిన సంగతే, కానీ మురిసిపోయాడు. ఆ పాట సంగతి చెవులు మారి మారి ఇచ్ఛాపురం దాకా వెళ్ళింది.

రెండో వేసవిలో గంగులు తిరిగొచ్చాడు.

చీపురుపల్లి స్టేషన్లో రైలు దిగి, ఆటోలు మారి, సరుగుడు తోటలోంచి నడుచుకుంటూ వచ్చాడు. గళ్ళ లుంగీ, గుండెల దాకా గడ్డం. తోట అంచున వల బాగుచేసుకుంటున్న జోగయ్యే ముందు చూశాడు.

"జోగయ్య మావా" అని పిలిచాడు వాడు, నవ్వుతూ. "నన్ను పోల్చుకోనేదేటి?"

జోగయ్య వాడి పాదాలకేసి చూశాడు, నేల మీద ఆనుతున్నాయా అని. గంగులు పక్కన చతికిలబడి, అడక్కుండానే చెప్పాడు. పడవకి కట్టిన ప్లాస్టిక్ డ్రమ్ము దొరికిందట. దాన్ని కావలించుకుని తేలుతుంటే బంగ్లాదేశ్ పడవవాళ్ళు లాగి, వాళ్ళ పోలీసులకి అప్పగించారట. భాష రాదు, కాయితాల్లేవు. జైల్లో పెట్టి, ఇన్నాళ్ళకి వదిలారు.

"సేతులు నొప్పెట్టేసినాయి మావా, పడిపోతాయేమో అనుకున్నాను. కానీ ఒగ్గనేదు. మరిడి ఏటైపోతాదని ఒగ్గనేదు."

ఆ మాటకి జోగయ్య ముఖం చేతుల్లో దాచుకున్నాడు. అలిసిపోయిన చేతులతో సహా అంతా నిజమే పాడాడు. ఒగ్గేయడం ఒక్కటే అబద్ధం.

గంగులు వచ్చాడన్న మాట ఊళ్ళోకి వాడికంటే ముందు చేరింది. సంబరం పడతారని మీరనుకుంటే గెడ్డపేట మీకు తెలియదన్నమాట. టపటపా తలుపులు మూసుకున్నారు. పిల్లల్ని లోపలికి లాక్కున్నారు. గంగమ్మకి నోటితో ఇచ్చేసిన మనిషి మళ్ళీ ఊళ్ళో అడుగు పెడితే, ఆ తల్లి తన సొమ్ము తనకి ఇవ్వమంటుంది, వాడికి బదులు ఇంకొకణ్ణి పట్టుకుపోతుంది. అందుకని పడవలు ఒడ్డుకు లాగేశారు. వాడి చిన్ననాటి స్నేహితులే గంగులు ముందు కర్రలు అడ్డం పెట్టారు. కొట్టలేదు. కళ్ళలోకి చూడకుండా అడ్డం పెట్టారంతే.

ఊరి బయట పేటలో బాప్టిస్టు గుడి ఉంది. ఆ గుడి ఉపదేశి ఎలీషా, జోగయ్యకి ఈడువాడు, వాళ్ళిద్దరిదీ బావా అంటే బావా అనుకునే చనువు. అతను వచ్చి గంగుల్ని తీసుకెళ్ళి గుడి అరుగు మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడు.

మధ్యాహ్నానికి మరిడమ్మ రాజాం నుంచి వచ్చింది. ఖాళీ గంప చేత్తో పట్టుకుని గుడి ముందు రోడ్డు మీద నిలబడిపోయింది. గంగులు అరుగు మీద లేచి నిలబడ్డాడు. ఇద్దరి మధ్యా పది అడుగులు కూడా లేవు. వాడు మెట్టు దిగబోతే ఆమె చెయ్యెత్తి ఆపింది.

"రాకు మావా. నిన్ను నా నోటితో పొమ్మన్నాను" అంది. "ఇంక ఈదకు అన్నాను నిన్ను."

"ఏటే నీ మాటలు? వచ్చీసినాను కదే."

"నాను పొమ్మన్నాను" అని మళ్ళీ అదే మాట అని, గంప అక్కడే పడేసి, ఏడుస్తూ జోగయ్య ఇంటికి వచ్చింది. దండం పెట్టలేదు, తిట్టలేదు. గుమ్మంలో నిలబడి ఒక్కటే అంది. "నువ్వే పాడినావు. నువ్వే తియ్యి."

తీయడానికి దారి ఉంది. పెద్దలెవరూ కళ్ళారా చూడలేదు గానీ, ఉందని అందరూ విన్నారు. పాటగాడు పాడినచోటే నిలబడి, ఊరంతా వింటుండగా జముకు నరం తెంపి, గుల్లని నీళ్ళలోకి విసిరి "నా నోరు తప్పింది" అనాలి. అప్పుడు గంగమ్మకి ఇచ్చింది ఇచ్చినట్టు కాదు. ఆ నోరు మరి జన్మలో పాడకూడదు.

పాట పోతుందన్న బాధ జోగయ్యకి లేకపోలేదు. కానీ ఆయన భయం వేరు. ఆ సాయంత్రమే పొరుగింటి లక్ష్మణమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. ఆమె కొడుకు పోయి ఓ తరం దాటింది, సాగనంపిందీ జోగయ్యే.

"ఆ గంగుల్ని అడగరాదేటి మరిదీ, ఆ జైల్లో మావోడు ఎక్కడైనా అగుపించినాడేమో?"

"నేదొదినా. మీవోడి పాట నిజమే."

"గంగులుది కూడా నిజమే అన్నావు కదా" అంది ముసలామె. ఎత్తిపొడుపు లేదు, నిజంగానే అడుగుతోంది.

అదీ ఆయన భయం. ఒక్క పాట తప్పని తన నోటితో తానే ఒప్పుకుంటే, తక్కిన పాటలు నిలుస్తాయా? ఆ రేవులో ఎన్ని ఇళ్ళు తన మాట మీద ఏడుపు ముగించుకుని పొయ్యి వెలిగించుకున్నాయి! అవన్నీ మళ్ళీ ఆర్పుకుంటే? ఒప్పుకోకపోతే, బతికున్న మనిషి పెళ్ళాం పిల్లల ఎదుట గుడి అరుగు మీద శవంలా పడి ఉంటాడు. ఎలా చూసినా పాపమే.

మర్నాడు ఎలీషా దగ్గర కూర్చుని గోడు వెళ్ళబోసుకున్నాడు.

"మా ప్రభువు లేచొస్తే ఆడోళ్ళు పరిగెట్టి అందరికీ సెప్పినారు బావా" అన్నాడు ఎలీషా. "మీవోళ్ళేటి, తలుపులేసుకుంతన్నారు."

"మీ ప్రభువుకి నాలాటోడు పాడనేదు బావా. పాడుంటే ఆయనకీ ఈ అరుగే గతి."

ఎలీషా నవ్వబోయి మానేశాడు.

ఇంటికొస్తే దేముడమ్మ కాచుకుని ఉంది. గొంతెత్తి మాట్లాడని మనిషి, ఆ రోజు చెయ్యి తిప్పుతూ మాట్లాడింది.

"బతికున్నోడ్ని అలగ కూకోబెట్టి, నువ్వు జముకు కావిలించుకుని కూకుంతావేటి? ఆ పిల్ల ఉసురు మనకి తగలదా? తియ్యి. రేపే తియ్యి."

"తీస్తే ఊళ్ళో మిగతా ఆడోళ్ళు ఏటైపోతారే? ఆలోసించినావా?"

"ఏటవుతారు, ఏటీ అవ్వరు. తియ్యి మావా, నీకు దండవెడతాను."

నిజంగానే వంగి కాళ్ళు పట్టుకుంది. జోగయ్య కదిలిపోయాడు. కొడుకుని పోగొట్టుకున్న మనిషి ఇంకొకదాని మొగుడి కోసం కాళ్ళు పట్టుకుందంటే ఎంత గుండె ఉండాలి అనుకున్నాడు. తనకంటే పెద్ద మనిషి తన ఇంట్లోనే ఉందని, ఇన్నాళ్ళూ చూసుకోలేదని సిగ్గుపడ్డాడు. ఆ సిగ్గుతోనే మనసు గట్టిచేసుకున్నాడు.

తెల్లారి ఊరంతా రేవులో చేరింది. జోగయ్య ఇసక మీద నిలబడి జముకు నరం కొడవలితో తెంపాడు. టప్పుమని చిన్న చప్పుడైంది. గుల్లని విసిరాడు. తేలికది కదా, మునగకుండా అల మీద అటూ ఇటూ ఆడుతూ ఉంది.

"నా నోరు తప్పింది" అన్నాడు. ఎవరికీ వినపడలేదని కులపెద్ద మళ్ళీ అనమన్నాడు. మళ్ళీ అన్నాడు.

గంగుల్ని ఇంటికి తీసుకెళ్ళారు. మరిడమ్మ వాడి చెయ్యి పట్టుకుని ఏడ్చింది, నవ్వింది. ఆ రోజుకి బాగానే ఉంది. పడవలు దిగాయి కూడా. కానీ గంగుల్ని ఏ పడవా ఎక్కించుకోలేదు. తీయడం తీశాడు సరే, గంగమ్మ నోటి దాకా వెళ్ళొచ్చిన వాణ్ణి పక్కన పెట్టుకుని నడిసంద్రానికి ఎవడు పోతాడు? అందరూ మంచిమాటలే చెప్పారు, ఎవరూ తెడ్డు మాత్రం ఇవ్వలేదు. నెల తిరక్కుండానే మొగుడూ పెళ్ళాం పిల్లల్ని తీసుకుని కొత్తవలస వెళ్ళిపోయారు, స్టేషన్ దగ్గర బస్తాలు మోసే పనికి. వెళ్తూ మరిడమ్మ జోగయ్యతో మాట్లాడలేదు. ఎవరి కోసం నోరు పోగొట్టుకున్నాడో వాళ్ళే ఊళ్ళో లేకుండా పోయారు.

మిగిలింది తక్కినవాళ్ళు. లక్ష్మణమ్మ రోజూ పొద్దున్నే వచ్చి రేవులో కూర్చుంటోంది. ఆమె పక్కన ఇంకొకామె, తరువాత మరొకామె. ఎప్పుడో చెరుపుకున్న బొట్టు ఒకామె మళ్ళీ పెట్టుకుంది. ఎవరూ జోగయ్యని తిట్టరు. తిడితే బాగుండేది. ఆయన కనిపిస్తే పిచ్చి ఆశతో ముఖంలోకి చూస్తారు, మా పాట కూడా తప్పేనని ఒక్క మాట అనవా అన్నట్టు.

ఓ ఉదయం జోగయ్య లేచేసరికి దేముడమ్మ తలంటుకుని కొత్త కోక కట్టుకుని ఉంది. ముఖంలో ఎన్నో ఏళ్ళుగా లేని కళ. చేపల పులుసు ఉడుకుతోంది. రాముడికి ఇష్టమైన చింతకాయ పులుసు. అది ఆ ఇంట్లో వండి ఎన్నేళ్ళయిందో.

"ఏటే ఇది?" అన్నాడు.

"నీ నోరు తప్పిందన్నావు కదా" అంది ఆమె, గరిటె తిప్పుతూ.

"గంగులు సంగతి అన్నాను."

"నీకున్నది ఒక్క నోరే కదా మావా."

అప్పుడు తెలిసింది జోగయ్యకి, తన కాళ్ళు ఎందుకు పట్టుకుందో. మరిడమ్మ కోసం కాదు. ఆ ఒక్క మాట ఆయన చేత ఊరందరి ముందూ అనిపించుకోవడానికి. ఎంత పాటగాడైనా ఆడదాని నోటి మాట కోసం మూడుసార్లు అడగాలి. ఆమె ఒక్కసారి కాళ్ళు పట్టుకుని అనిపించేసింది.

"ఒసే, రాముడింక రాడే. వాడు పోనాడే" అన్నాడు, ఆమె భుజాలు పట్టుకుని.

"నువ్వు సూసినావా?"

"నేదు."

"మరి?"

ఆయన దగ్గర ఉన్న రుజువు పాట ఒక్కటే, అదీ మిగల్లేదు. అయినా వదల్లేకపోయాడు. పాడకూడదన్న మాట తప్పాడు. వంటింటి గుమ్మంలో కూలబడి, జముకు లేక గుమ్మాన్నే వేళ్ళతో కొడుతూ, రాముడి పాట ఎత్తుకున్నాడు. వాడి పుట్టుక, వాడి అల్లరి, తండ్రి నడుం పట్టుకుని తొలి పడవ ఎక్కడం. గొంతు చక్కగానే పలికింది. దేముడమ్మ గరిటె పక్కన పెట్టి, ఆనందంగా, తలూపుతూ వింది. కొడుకు కబుర్లు ఇంకా చెప్పు అన్నట్టు వింది.

సాగిపోనా తల్లి సాగిపోనా

"ఎక్కడికీ పోవద్దు నాయినా" అంది దేముడమ్మ. "ఉండు."

జోగయ్య కళ్ళు తుడుచుకుని రెండోసారి అడిగాడు.

"అన్నం ఉడికీసినాది. ఎక్కడికీ పోకు. రా."

ఆమె గుమ్మం దాటి ఆయన పక్కనుంచే బయటికి వెళ్ళి, చేత్తో ఎండ అడ్డుపెట్టుకుని సముద్రం వైపు చూస్తూ నిలబడింది. మూడోసారి అడగడానికి జోగయ్యకి నోరు రాలేదు.